బంతి పట్టిన చేతులు, నేల తాకిన నుదురు

మస్జిదులోకి వెళ్లేటప్పుడు చెప్పులు బయట విడిచి వెళ్తాం. తిరిగి వచ్చేటప్పుడు చెప్పులు మరిచిపోము గాని, నమాజులో నేర్చుకున్నదాన్ని మాత్రం చాలాసార్లు లోపలే వదిలి వచ్చేస్తాం. మస్జిదులో మన తీరు ఒకటి, దుకాణంలో బేరమాడేటప్పుడు ఇంకొకటి, ఆఫీసులో మరొకటి. "ఈ రోజుల్లో ఉద్యోగం చేసుకుంటూ అన్నీ పాటించడం అయ్యే పనేనా?" అని ఒకరికొకరం సర్దిచెప్పుకుంటాం.

ఈ మాట విన్నప్పుడల్లా మాకు ఒక పేరు గుర్తుకొస్తుంది. ఆయన ఆలిమ్ కాదు, ఉపన్యాసకుడూ కాదు. అమెరికాలో మనుషులు మనుషుల్ని ఢీకొట్టి ఆడే ఒక మొరటు ఆటలో ఏడు సీజన్లు నిలిచిన క్రీడాకారుడు. ఆయన పేరు హుసేన్ అబ్దుల్లా.

చేతులతో ఆడే ఫుట్‌బాల్

అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఎక్కువ భాగం చేతులతోనే ఆడతారు. నూరు గజాల మైదానం, దానికి రెండు చివర్లా పదేసి గజాల 'ఎండ్ జోన్' ఉంటాయి. ఒక్కో జట్టుకు పదకొండుమంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోగలిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. అలా వెళ్లి ఎదుటివారి ఎండ్ జోన్‌లోకి బంతిని చేర్చడమే 'టచ్‌డౌన్'.

దాడిచేసే జట్టులో క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు బంతిని దూరంగా పరుగెత్తుతున్న తనవాడికి విసురుతాడు. దాన్ని అందనీయకుండా అడ్డుపడేవారే డిఫెన్సివ్ బ్యాక్‌లు. వీరిలో అందరికన్నా వెనుక నిలబడేవాడు 'సేఫ్టీ'. ముందున్నవారంతా తప్పినా ఇతను తప్పకూడదు. ఇతను దాటిపోనిస్తే వెనుక ఇంకెవరూ ఉండరు. బంతి ఎటు రాబోతోందో రెండు మూడు క్షణాల్లో పసిగట్టి పరుగెత్తాలి. ఎదుటివాడికి విసిరిన బంతిని తానే అందుకుంటే దాన్ని 'ఇంటర్‌సెప్షన్' అంటారు. హుసేన్ అబ్దుల్లా ఆడింది ఈ సేఫ్టీ స్థానంలోనే.

ఎవరూ ఎంచుకోని కుర్రవాడు

హుసేన్ 1985లో లాస్ ఏంజెలెస్‌లో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టారు. ఆ నగరానికి తూర్పున ఉన్న పొమోనాలో హైస్కూలు చదివి, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ జట్టులో ఆడారు. ఆయన అన్న హంజా కూడా అదే యూనివర్సిటీలో, అదే స్థానంలో ఆడి, 2005లో వృత్తి క్రీడాకారుడయ్యారు.

అమెరికాలో వృత్తి ఫుట్‌బాల్‌ను నడిపేది నేషనల్ ఫుట్‌బాల్ లీగ్. అందులో 32 జట్లు. ఏటా కాలేజీల నుంచి వచ్చే కుర్రవాళ్లను ఆ జట్లు ఏడు రౌండ్లలో వంతులవారీగా ఎంచుకుంటాయి. 2008లో ఏడు రౌండ్లూ ముగిసినా హుసేన్ పేరు ఎవరూ పిలవలేదు. తర్వాత మిన్నెసోటా వైకింగ్స్ జట్టు ప్రయత్నించి చూద్దామన్నట్టుగా తీసుకుంది. అలా వచ్చినవాడు ప్రతి రోజూ తన చోటు తాను నిలబెట్టుకోవాలి. ఈ ఆటలో ఒప్పందాలు చాలావరకు పూర్తి హామీ లేనివే. అక్కర లేదనుకుంటే జట్టు మధ్యలోనే పంపించివేయగలదు.

ఎండలో సాధన, నోట్లో నీటి చుక్క లేదు

2010లో రమజాన్ ఆగస్టులో వచ్చింది. సీజన్‌కు ముందు జరిగే శిక్షణ శిబిరం సరిగ్గా అప్పుడే. తొలి పదకొండుమందిలో ఎవరుండాలో తేలేది ఆ శిబిరంలోనే. పెద్ద పెద్ద శరీరాలవాళ్లు ఇనుప పంజరం లాంటి శిరస్త్రాణాలు, కవచాలు తొడుక్కుని ఎండలో ఢీకొనే రోజులవి. గంట గంటకూ నీళ్లు తాగకపోతే కళ్లు తిరిగి పడిపోయే పని.

హుసేన్ ఉపవాసాలు మానలేదు. ఆ సంగతి దాచలేదు కూడా. సహెరీలో ఏం తినాలో, ఇఫ్తార్ తర్వాత ఎన్ని నీళ్లు తాగాలో జట్టు పోషకాహార నిపుణుల సలహాతో ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. పగలంతా తోటివారితో సమానంగా సాధన చేశారు. ఆ సీజన్‌లోనే ఆయన తొలి పదకొండుమందిలో స్థానం సంపాదించారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన కేవలం పట్టుదలతో నెట్టుకురాలేదు, ముందుచూపుతో ఏర్పాటు చేసుకున్నారు. "మా మేనేజరు ఒప్పుకోడు" అని చెప్పే మనలో ఎంతమందిమి ఆ మేనేజరుతో ఒక్కసారైనా నోరు విప్పి మాట్లాడాం?

సీజన్ మధ్యలో హజ్

2011 సీజన్ తలకు దెబ్బ తగలడంతో ఆయనకు మధ్యలోనే ముగిసింది. తర్వాతి సంవత్సరం వైకింగ్స్‌తో ఒప్పందం కూడా పూర్తయింది. వయసు ఇరవై ఏడుకు చేరుతోంది. ఈ ఆటలో చాలామందికి దక్కేది కొన్నేళ్ల కాలమే. అలాంటి సమయంలో ఏ ఆటగాడైనా కొత్త జట్టు కోసం పరుగులు పెడతాడు. ఒక ఏడాది కనబడకుండా పోతే మళ్లీ ఎవరు పిలుస్తారు?

సరిగ్గా అప్పుడే అన్నదమ్ములిద్దరూ 2012 సీజన్ ఆడబోమని నిశ్చయించుకున్నారు. కారణం హజ్. ఆ ఏడు హజ్ అక్టోబరు చివరి వారంలో వచ్చింది. సెప్టెంబరులో మొదలై చలికాలమంతా సాగే ఫుట్‌బాల్ సీజన్‌కు అది నడిమధ్య. చాంద్రమానం ప్రకారం హజ్ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సీజన్ మొదలయ్యే లోపే హజ్ పూర్తయ్యే కాలం రావాలంటే ఇంకా ఐదేళ్లు ఆగాలి. ఆగడానికి వారికి సాకులున్నాయి. సాకులు మనకు మాత్రం లేవా? కాని వారు ఆగలేదు.

ఆ ఏటి రమజాన్‌లో సోదరులిద్దరూ ముప్పయి రోజుల్లో ముప్పయి మస్జిదులు చూడాలని అమెరికా అంతటా ప్రయాణం చేశారు. ఆ తర్వాత తల్లిదండ్రులతో కలిసి మక్కా చేరుకున్నారు. లక్షలమందితో పాటు ఇహ్రామ్ వస్త్రాల్లో అరఫాత్ మైదానంలో నిలబడ్డారు. అక్కడ జెర్సీ నంబర్లు లేవు, జట్ల రంగులు లేవు.

తిరిగి వచ్చాక ఏమైంది? 2013 సీజన్‌కు కేన్సస్ సిటీ చీఫ్స్ జట్టు హుసేన్‌ను తీసుకుంది. అంతకుముందు సీజన్‌లో 16 ఆటల్లో రెండే గెలిచిన ఆ జట్టు, కొత్త కోచ్ ఆండీ రీడ్ ఆధ్వర్యంలో 11 గెలిచింది. అన్న హంజా మాత్రం మళ్లీ లీగ్‌లో ఆడలేదు. ఇద్దరూ ఒకే త్యాగానికి సిద్ధపడ్డారు, ఒకరికి తలుపు తెరుచుకుంది, ఇంకొకరికి తెరుచుకోలేదు. హజ్‌కు వెళ్తే ఉద్యోగం ఖాయమని ఎవరూ మాట ఇవ్వలేదు. వారు వెళ్లింది ఉద్యోగం కోసమూ కాదు.

సజ్దాకు పదిహేను గజాల జరిమానా

2014 సెప్టెంబరు 29, సోమవారం రాత్రి. కేన్సస్ సిటీలోని యారోహెడ్ స్టేడియం. ఎదుట న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్. వారి క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ఆ ఆట చరిత్రలోనే అగ్రగణ్యుల్లో ఒకడు. చివరి అంకంలో బ్రేడీ విసిరిన బంతిని హుసేన్ అందుకున్నారు. 39 గజాలు పరుగెత్తి ఎండ్ జోన్ చేరుకున్నారు. ఆ ఊపులోనే మోకాళ్లపై జారి, నుదురు నేలకు ఆనించి సజ్దా చేశారు.

అంతలో రిఫరీ పసుపుపచ్చ గుడ్డ విసిరాడు. క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తన అంటూ జట్టుకు పదిహేను గజాల జరిమానా! ఆటగాళ్లు నేలమీద పడి సంబరాలు చేసుకోకూడదని అప్పట్లో ఒక నిబంధన ఉండేది. కాని అది మతపరమైన వ్యక్తీకరణకు వర్తించదు. అంతకు మూడేళ్ల ముందు టిమ్ టెబో అనే క్రైస్తవ ఆటగాడు మైదానంలో ఒంటి మోకాలిపై ప్రార్థించడం దేశమంతా చూసింది. పిల్లలు ఆ భంగిమను అనుకరించారు కూడా. మరి సజ్దాకెందుకు జరిమానా అన్న ప్రశ్న ఆ రాత్రే బయలుదేరింది.

మరునాడు లీగ్ ప్రతినిధి స్పష్టం చేశారు. మతవిశ్వాసంలో భాగంగా నేలకు వంగిన ఆటగాడికి జరిమానా విధించకూడదని, అబ్దుల్లాకు వేసింది సరికాదని ఒప్పుకున్నారు. కోచ్ రీడ్ తన ఆటగాడి పక్షాన నిలిచారు. హుసేన్ మాత్రం రిఫరీపై ఆగ్రహించలేదు. సజ్దాకు కాక, జారినందుకు జరిమానా పడిందేమో అనుకున్నానని చెప్పారు. ఎవరినీ నిందించని ఆ మాట వల్ల వివాదం సగం చల్లబడింది. నేలమీద సంబరాలపై నిషేధాన్ని కూడా లీగ్ 2017లో సడలించింది.

వేల కళ్ల ముందు చేసిన సజ్దా ప్రదర్శన కాదా అని కొందరు అడగవచ్చు. సంకల్పం ఎరిగినవాడు అల్లాహ్ ఒక్కడే. మాకు తెలిసిందల్లా, చప్పట్లు మిన్నంటుతున్న క్షణంలో మనిషి ఛాతీ విరుచుకుంటాడు. ఆ క్షణంలో నుదురు నేలకు ఆనించడానికి ఎన్నాళ్ల అలవాటు కావాలో ఆలోచించండి.

దిగిపోవలసిన చోట దిగిపోయారు

2015 సీజన్‌లో ఆయన తలకు మళ్లీ దెబ్బ తగిలింది. ఇలా మెదడు అదిరిపోవడం అది ఐదోసారి. పైకి గాయం కనబడదు. రక్తం కారదు. తలనొప్పి, మరపు, వెలుతురు భరించలేకపోవడం, ఆలోచన మొద్దుబారడం వంటివి మాత్రం వెంటాడతాయి. పదేపదే తగిలితే పెద్ద వయసులో మెదడే దెబ్బతినే ప్రమాదముంది. ఈ విషయంలో వేలమంది మాజీ ఆటగాళ్లు లీగ్‌పై దావా వేయగా, 2013లో 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది.

2016 మార్చిలో, ముప్పయి ఏళ్ల వయసులో, హుసేన్ ఆటనుంచి విరమించుకున్నారు. మైదానం బయట తనకు ఇంకా జీవితముందని, దానికి బుద్ధి స్థిమితంగా ఉండాలని ఆయన ఆలోచన. శరీరం మన సొత్తు కాదు, అమానత్. అప్పగించినవాడు ఒకనాడు లెక్క అడుగుతాడు. ఉపవాసంతో ఎండలో పరుగెత్తిన మనిషే, ఇక చాలని చెప్పడానికీ వెనుకాడలేదు. ఈ రెంటిలో ఏది కష్టమో చెప్పలేం.

ఇక మన ఇళ్ల సంగతి. "అమ్మాయి పెళ్లి కానీ", "ఇల్లు పూర్తవనీ", "రిటైరయ్యాక చూద్దాం" అంటూ హజ్‌ను వాయిదా వేస్తాం. స్తోమత ఉన్నవారిపై జీవితంలో ఒకసారి విధిగా ఉన్న ఆరాధన అది. తీరా చేతిలో డబ్బు మిగిలేసరికి మోకాళ్లు సహకరించవు. తవాఫ్‌కు చక్రాల కుర్చీ వెతుక్కుంటాం. అప్పు తీరనివారి మాట, స్తోమత లేనివారి మాట వేరు. వారిపై భారం లేదు. కాని డబ్బూ ఆరోగ్యమూ రెండూ ఉండి, తీరిక లేదనేవారు ఒక్కసారి ఈ ఆటగాణ్ని తలుచుకోవాలి. ఆయనకూ తీరిక లేదు. తీరిక చేసుకున్నారు.

మన పిల్లలు క్రికెటర్ల బొమ్మలు గోడలకు అంటించుకుంటారు. తప్పులేదు. వారికి ఈ కథ కూడా చెబుదాం. ఎవరూ ఎంచుకోకపోయినా నిలబడవచ్చని, ఉపవాసంతోనూ పోటీ పడవచ్చని, అన్యాయం జరిగినా నోరు జారనక్కరలేదని, గెలిచిన క్షణంలో తల వంచవచ్చని చెబుదాం. ఈ జుమా నమాజులో నుదురు నేలకు ఆనించినప్పుడు, ఆ సజ్దాను మన పనిచోటు దాకా వెంట తీసుకువెళ్లే శక్తిని ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.