‘వస్తే గిస్తే’లోనూ తర్కముంది: ఊహ చెప్పే వాక్యాలపై అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ బషీర్‌బాగ్ చౌరస్తాలో మబ్బు పట్టిన సాయంత్రం ఒకరు ‘అగర్ బారిష్ హుయీ తో’ అంటారు, పక్కనున్నవారు ‘వానొస్తే’ అంటారు. ఊహ ఒక్కటే. ఉర్దూ దాన్ని వాక్యం మొదట్లోనే చెప్పేస్తుంది, తెలుగు క్రియ చివర తగిలిస్తుంది. తర్కం కోసమే తయారుచేసిన లోజ్బాన్ అనే కృత్రిమ భాషలో మూడో పద్ధతి ఉంది. దాని చుట్టూ, దాంతోపాటు తెలుగు చుట్టూ కూడా, అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: లోజ్బాన్‌లో ‘గనై… గి…’ పెడితే ‘అయితే’ వాక్యం ఏదైనా కుదిరిపోతుంది.

వాస్తవం: కుదరదు. ‘గనై’ తర్కశాస్త్రపు షరతు. అందులో మొదటి భాగం అబద్ధమైతే చాలు, వాక్యమంతా నిజం కింద లెక్క. బషీర్‌బాగ్‌లోని నిజాం కాలేజీ మొదలైంది 1887లో. మూసీ వరద వచ్చింది 1908లో. ‘నిజాం కాలేజీ 1950లో మొదలైతే మూసీకి వరద రాలేదు’ అన్న మాటను ‘గనై’తో చెబితే అది నిజమైపోతుంది, ఎందుకంటే కాలేజీ 1950లో మొదలవలేదు! జరగనిదాన్ని జరిగినట్టు అనుకోవడానికి లోజ్బాన్‌లో ‘దహి’ అనే చిన్న మాట వేరే ఉంది. ‘దహినై’ అంటే ఇది ఊహ కాదు, ఉన్నదే. ‘ఫలానా పరిస్థితిలో’ అనడానికి ‘వహొ’ ఉంది. షరతు వేరు, ఊహ వేరు అని ఇంత స్పష్టంగా విడదీయడమే ఈ భాషలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

అపోహ: తెలుగులో ‘ఒకవేళ’ లేకుండా ఊహ తేలదు.

వాస్తవం: ‘ఒకవేళ’ తీసేసినా వాక్యం నిలబడుతుంది. బరువు మోసేది ‘-తే’. వ్యాకరణంలో దీని పేరు చేదర్థకం. ఇక్కడి వాడుకలో ‘నువ్వు చెప్తే నేనొస్త’ అంటే ఇంకా అవకాశం ఉన్నట్టు. ‘నువ్వు చెప్తే నేనొచ్చేటోణ్ని’ అంటే చెప్పనూ లేదు, రానూ లేదు. ‘చెప్తే’ రెంటిలోనూ ఒకటే. లోజ్బాన్ ‘దహి’తో చేసే పనిని తెలుగు చివరి క్రియకు అప్పగించింది. ఇక ‘వానొస్తే గిస్తే’ అన్నప్పుడు ఆ ‘గిస్తే’ పలికించే సందేహాన్ని మరో మాటతో చెప్పడం కష్టం.

అపోహ: భాషలో ప్రత్యేక రూపం లేకపోతే ఆ ఊహ బుర్రకే అందదు.

వాస్తవం: భాష ఆలోచనను ఎంత మలుస్తుందో పరీక్షించాలనే జేమ్స్ కుక్ బ్రౌన్ 1955లో లాగ్లాన్ అనే కృత్రిమ భాషను మొదలుపెట్టారు. లోజ్బాన్ దాన్నుంచి విడివడినదే. అలాంటి ప్రత్యేక రూపం లేని చైనీస్ మాట్లాడేవారికి జరగనివి ఊహించడం కష్టమని పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ బ్లూమ్ 1981లో రాశారు. రెండేళ్లకు టెర్రీ అవ్ అనే పరిశోధకురాలు అలాంటి ఊహలున్న కథల్ని సహజమైన చైనీస్‌లో రాసి చదివిస్తే ఆ ఇబ్బంది కనిపించలేదు.

అపోహ: లోజ్బాన్‌లో సందిగ్ధతే ఉండదు.

వాస్తవం: ఉండనిది వాక్య నిర్మాణంలో మాత్రమే. ‘దహి’ వాక్యంలో ఎంత మేరకు వర్తిస్తుందన్నది వాడేవారి మధ్యే చర్చ.

అపోహ: ఊహా వాక్యాలు కాలక్షేపానికే.

వాస్తవం: బషీర్‌బాగ్‌లోనే ఉన్న ఉస్మానియా పీజీ లా కాలేజీలో ఈ మాట ఎవరూ ఒప్పుకోరు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ చూడండి. వీలునామా రాయకుండా తండ్రి పోయేనాటికి తల్లి కడుపులో ఉన్న బిడ్డకు కూడా ఆస్తిలో హక్కుంది. ప్రాణంతో పుడితే అన్నది అందులో షరతు. తండ్రి పోకముందే పుట్టినట్టు అన్నది ఊహ.