త్రాగునీరు – వైద్యుల విచారణము



వైద్యుడనగా నాడి పరీక్షించి మందిచ్చువాడని మన యిండ్లలో సామాన్యముగా తలచుచుందుము. రోగి యే నీరు త్రాగుచున్నాడు, ఏ ధాన్యము భుజించుచున్నాడు, ఆ యూరి బావి యెంత లోతు అని ప్రశ్నించి, ఆ ప్రశ్నలనే శాస్త్రముగా రూపొందించిన వైద్యులును మన తెలుగు దేశమున గలరు. వారి కృషి మనవంటి కరవుసీమ గృహిణులకు మిక్కిలి యుపకరించునది గావున నిచ్చట కొంత వివరించుచున్నాము.

మేము నివసించు నల్లమాడ అనంతపురపు మెట్టసీమలోనిది. 2022వ సంవత్సరము నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. ఈ సీమలో ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. చెరువెండిన బావికి, బావి యెండిన బోరునకు పోవుట మన కలవాటు. అయితే లోతునకు పోయినకొలది నీరు రాతిపొరలలో చిరకాలము నిలిచి, అందలి ఫ్లోరైడను లవణమును తనలో కలుపుకొనును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. బిందెలో తేటగా కన్పట్టు నీరే యెముకలకు శత్రువు కావచ్చును.

ఈ సంగతి మన దేశమున మొదట బయల్పడినది నెల్లూరు మండలమున. దుక్కిటెద్దులు నడువలేక కూలబడుటను రైతులే ముందుగా కనిపెట్టిరని చెప్పుదురు. 1937లో గిండీలోని కింగ్ సంస్థకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి గారలు ఆ పల్లెల ప్రజలను, నీటిని పరీక్షించి, నడుము వంగుటకును కీళ్లు బిగియుటకును కారణము ఫ్లోరైడని ప్రకటించిరి. అంతవరకు ముసలితనమనియు పూర్వకర్మమనియు జనులు సరిపెట్టుకొనిన బాధకు నీరే హేతువని తేలెను.

తరువాత 1955లో డాక్టరు సిద్దిఖీగారు నల్లగొండ జిల్లాలోని యీ రోగమును గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలునందు వ్రాసిరి. నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా నుండిన డాక్టరు డి. రాజారెడ్డిగారు నాడీశస్త్రవైద్యులు. వెన్నెముక పెరిగి లోని నరముల నొక్కుటచే కాళ్లు చచ్చుబడు విధమును వారు చిరకాలము పరిశోధించిరి.

మనము ప్రత్యేకముగా స్మరింపదగినవారు డాక్టరు కమలా కృష్ణస్వామిగారు. వీరు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసి, అనంతరము దానికే సంచాలకురాలైరి. వీరును, కృష్ణమాచారిగారును 1973లో లాన్సెట్ పత్రికయందొక క్రొత్త సంగతి వెల్లడించిరి. ఫ్లోరైడు సీమలలో కొందరు పడుచువారికి మోకాళ్లు లోనికి వంగి యొకదానితో నొకటి రాచుకొనుచున్నవనియు, ఎముకలు పలుచబడుచున్నవనియు దాని సారాంశము. ఆ పిమ్మట ఆ సంస్థవారు ఆ పల్లెల జొన్నలలోని లోహములను సైతము పరీక్షించిరి. చూచితిరా! శాస్త్రజ్ఞుల దృష్టి బావి కడ నాగక మన వంటయింటి గాదె వరకు వచ్చినది.

ఇక మన కర్తవ్య మేమి? మొదట తెలియవలసినది, నీటిని కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. నీరిగిరిన కొలది దాని పాలు హెచ్చును. గుడ్డతో వడగట్టినను ఫలము లేదు. లీటరు నీటికి ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు నీరు దొరకనిచో 1.5 వరకు సహింపవచ్చుననియు ప్రభుత్వ ప్రమాణము. పండ్లు చిగుళ్లలో రూపొందు పసితనమున ఈ నీరు త్రాగిన బిడ్డలకు పంటిమీద సుద్దతెలుపు గీతలు, గోధుమరంగు మచ్చలు ఏర్పడును. అవి తోమినంతమాత్రమున పోవు. అట్టి మచ్చలు కన్పడినచో బిడ్డను అశుభ్రుడని దండింపక, ముందు నీటిని పరీక్ష చేయింపవలయును. పాలు, పెరుగు, రాగులు, ఉసిరికవంటి యాహారము కొంత రక్షణ మిచ్చును. వాననీటిలో ఈ దోషము దాదాపు లేదు గావున శుభ్రమైన మిద్దెపై పడిన వాననీటిని పట్టి దాచుట మేలు.

పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని నాగపురములోని పరిశోధన సంస్థవారు కనిపెట్టిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు. మా పొరుగుననున్న కదిరి పట్టణమునకు 1980 ప్రాంతమున ఆ పద్ధతితో నీరు శుద్ధిచేయు కేంద్ర మేర్పడెను. అయితే పాళ్లు నీటినిబట్టి మారునుగాన ఇంట నుజ్జాయింపుగా చేయదగదు. 1995లో శ్రీ సత్యసాయి సంస్థవారు ప్రారంభించిన నీటి పథకము అనంతపురము జిల్లాలో 700కు పైగా గ్రామములకు నీరు చేర్చినది. ఇట్టి కార్యములు గృహిణి యొక్కతె చేయజాలదు. అవి ప్రభుత్వమును, ధర్మసంస్థలును పూనుకొనవలసినవి.

కాని అడుగుట మన చేతిలోని పని. వంగిన యెముకను తిరిగి చక్కజేయు మాత్ర యేదియు లేదు. చెడుటకు ముందు నీటిని మార్చుటయే చికిత్స. బిందె మోయునది స్త్రీ. ఆ బిందెలో నేమున్నదో తెలిసికొను హక్కును ఆమెదే. కావున సోదరీమణులారా, మీ యూరి బోరునీటిని ఒక సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలకు పంపుడు. వచ్చిన యంకెను పదిమందికి చెప్పుడు. దశాబ్దముల తరబడి వైద్యులు చేసిన శ్రమ మన వాకిట సఫలమగుట కిదియే మార్గము.