పసిబిడ్డకు పక్క ఎక్కడ?

మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు, బిడ్డతో ఆసుపత్రి నుంచి ఇల్లు చేరింది. చలికాలం. అమ్మమ్మ మూలగది సిద్ధం చేసింది. కిటికీ మూసింది. నులక మంచం మీద మెత్తని బొంత పరిచింది. మంచం కింద నిప్పుల కుంపటి పెట్టింది.

మరునాడు ఆశా కార్యకర్త వచ్చింది. గదిలోకి రాగానే ఆమెకు దగ్గు వచ్చింది.

"పెద్దమ్మా, ముందు ఆ కుంపటి బయట పెట్టు" అంది.

"మా పిల్లలందరూ ఇట్లాగే పెరిగారమ్మా" అంది అమ్మమ్మ.

"ఎంతమందిని కన్నావు పెద్దమ్మా?"

"ఐదుగురిని. నలుగురు దక్కారు."

ఆ మాట అని అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. రెండోవాడు పదోరోజు రాత్రి నిద్రలోనే పోయాడు. ఎందుకు పోయాడో ఎవరికీ తెలియలేదు. అమ్మమ్మ లేచి, కుంపటి తీసుకెళ్లి వాకిట్లో పెట్టింది.

కుంపటి ఎందుకు వద్దు?

బొగ్గులు కాలితే ఒక విషవాయువు వస్తుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. అది కంటికి కనబడదు. దానికి వాసన ఉండదు. మూసిన గదిలో అది నిండితే నిద్రలోనే ప్రాణం పోతుంది. తల్లికీ ప్రమాదమే. బీడీ, చుట్ట పొగ కూడా బిడ్డకు హాని చేస్తుంది.

మరి చలికి ఏం చేయాలి?

తల్లి ఒంటి వేడే బిడ్డకు మంచి వెచ్చదనం. తల్లి మెలకువగా ఉన్నప్పుడు బిడ్డను తన ఒంటికి ఆనించుకోవాలి. మధ్యలో బట్ట అడ్డం ఉండకూడదు. పైన దుప్పటి కప్పుకోవాలి. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువున్న బిడ్డకు ఇది మరీ అవసరం. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో ఈ పద్ధతి మొదలైంది. ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ నేర్పుతున్నారు.

పక్క ఎట్లా ఉండాలి?

వదులైన నులక మంచంలో గుంట పడుతుంది. బిడ్డ దొర్లి తల్లి కిందికి పోవచ్చు. మెత్తని బొంతలో ముఖం కూరుకుంటే ఊపిరాడదు. తల తిప్పుకునే బలం పసిబిడ్డకు ఉండదు.

అందుకే:

- బిడ్డ పక్క తల్లి చెంతనే, కానీ విడిగా ఉండాలి.
- పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. చాప మీద మడత దుప్పటి చాలు. దిండు వద్దు.
- బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. బోర్లా వద్దు. 1990లలో చాలా దేశాల్లో ఈ సంగతి ఇంటింటికీ చెప్పారు. నిద్రలో చనిపోయే పసిబిడ్డల సంఖ్య అక్కడ బాగా తగ్గింది.
- ముఖం మీద బట్ట కప్పకూడదు.
- చీర ఉయ్యాలలో గడ్డం రొమ్ముకు ఆనితే ఊపిరి అందదు. నిద్ర పట్టగానే బిడ్డను చదును పక్క మీదికి మార్చాలి.
- దోమతెర కట్టాలి. అంచులు చాప కిందికి దోపాలి.
- కిటికీ ఓరగా తెరవాలి. చలిగాలి నేరుగా తగిలే చోట పక్క వేయకూడదు.

బిడ్డ ఒళ్లు చల్లబడినా, పాలు తాగకపోయినా, రొప్పుతున్నా ఆలస్యం చేయకండి. 108కి ఫోన్ చేయండి.

ఆ రాత్రి అమ్మమ్మ రెండుసార్లు లేచింది. దోమతెర ఎత్తి బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. పొట్ట వెచ్చగా ఉంది. మెల్లగా పైకీ కిందికీ కదులుతోంది.

మీ ఇంట్లో బాలింత పడుకునే గదికి కిటికీ ఉందా? అది తెరిచి ఉందా? ఈ రోజే చూడండి.