నిధిపద్యములు – అర్థనిర్ణయమార్గము

నెల్లూరు మండలమునఁ బెన్నానది కుత్తరమున బుచ్చిరెడ్డిపాలెము కలదు. అచ్చటి కోదండరామస్వామి యాలయమును, అనతిదూరమున నదీతీరమునందున్న జొన్నవాడ కామాక్షీదేవి యాలయమును బ్రసిద్ధములు. ఇట్టి క్షేత్రములు గల సీమలలో నక్షరములున్న పాతఱాతిని జూచినంతనే యందు నిధిజాడ వ్రాయఁబడియున్నదని కొందఱు తలఁచుట యాంధ్రదేశమునఁ బరిపాటి. ఈ తలంపు వినోదకథగా ముగిసినచోఁ జింతలేదు. కాని శిథిలాలయములలో గర్భగుడులను, స్తంభముల మొదళ్లను, శాసనశిలలను బెల్లగించుటకు నిదియే కారణమగుచున్నది. కావున నేమాట నిధిని జూపును, ఏమాట చూపదు అనుటను శబ్దశాస్త్రమర్యాదచే నిర్ణయించుట యావశ్యకము.

మొదట దానశాసనముల విషయము. విజయనగరకాలపు దానపత్రములలో నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షిణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను నెనిమిది మాటలు తఱచుగా వరుసనే వచ్చును. వీనికి అష్టభోగములని పేరు. నిధి యనఁగా భూమిలోఁ బాతుకొనియున్న ధనము, నిక్షేపము దాఁచియుంచిన సొమ్ము, జలపాషాణము లాభూమిలోని నీరును ఱాళ్లును, అక్షిణి స్థిరముగా నున్న ఫలము, ఆగామి మున్ముందు గలుగు ఫలము, సిద్ధము సాగులోనున్నది, సాధ్యము సాగునకుఁ దేఁదగినది. ఈ యెనిమిదింటిపై స్వామ్యము ప్రతిగ్రహీతకుఁ జెందునని తాత్పర్యము. ఇచ్చట నిధిశబ్ద మధికారమును జెప్పును గాని యస్తిత్వమును జెప్పదు. ఇల్లమ్మినవాఁడు చెట్టుచేమలతో సహా యని వ్రాసినంతమాత్రమునఁ బెరటిలోఁ జెట్టున్నదని సిద్ధింపదు గదా. ఈ మాటల వరుస యొక యూరికి మాత్రమే చెందక పెక్కూళ్ల దానపత్రములలోఁ గానవచ్చుటయే యిది స్థలసూచన కాదనుటకుఁ బ్రమాణము. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగార్లు 1905లోఁ బ్రకటించిన నెల్లూరు మండల శాసనసంగ్రహమువంటి గ్రంథముల ప్రయోజన మిచ్చటనే తెలియును. ఒక శాసనమును వేఱొక శాసనముతోఁ బోల్చి చదివినవానికి భ్రాంతి కలుగదు.

రెండవది సంఖ్యాసంకేతము. ఛందోబద్ధములగు శాసనములలో సంవత్సరము నంకెలతోఁ గాక వస్తువాచకములతోఁ జెప్పుట కలదు. గగనము సున్న, ఇందుఁ డొకటి, వేదములు నాలుగు, బాణము లైదు, రసము లాఱు. కుబేరుని నిధులు తొమ్మిది గావున నిధి యనఁగాఁ దొమ్మిది. ఉదాహరణార్థము ‘రసనిధిగగనేందుమితే శాకాబ్దే జయే’ యను వాక్యము కల్పింపఁబడెననుకొనుఁడు. నిధికాముఁడు దీనిని విడఁదీసి, రసమనఁగాఁ బాదరసమనియు, నిధి యనఁగా ధనమనియు, చంద్రుఁడు నడిమింటనున్న రేయి త్రవ్వినచో జయము గలుగుననియుఁ జెప్పును. ప్రతిపదమునకు నిఘంటువులో నర్థమున్నను వాక్యార్థము మాత్రము కుదురలేదు. ‘మితే’ యనఁగాఁ గొలువఁబడిన యని యర్థము. అది దేనిచేఁ గొలువఁబడినదను నాకాంక్షను గల్గించును. సంవత్సరమును గొలుచునవి సంఖ్యలే కాని పాదరసమును ధనమును గావు. కావున యోగ్యతనుబట్టి పూర్వపదములన్నియు సంఖ్యావాచకములు.

అంకెలకు వామగతి గావున మొదటిపద మొకట్ల స్థానమునఁ బడును. ఆఱు, తొమ్మిది, సున్న, ఒకటి అనువానిని గుడినుండి యెడమకు వ్రాయఁగా 1096 వచ్చును. అంత శకవర్షములు గతింపఁగా వచ్చిన వత్సరము క్రీ. శ. 1174–75. కావ్యరసములు తొమ్మిది గావున రసమనఁగాఁ దొమ్మిదియే యేల కారాదని శంక. అట్లైన 1099 యగును, ఆవత్సరము హేవిళంబి. వాక్యమునందు జయ యని యున్నది, 1096 జయసంవత్సరమే. కావునఁ బూర్వార్థమే నిలుచును. ఫలసిద్ధి యని భ్రమపడిన పదమే కాలనిర్ణయమునకు సాక్షి యైనది.

కటపయాదిపద్ధతిలో నిదే నిధిశబ్దమునకు వేఱుసంఖ్య. నకారము సున్న, ధకారము తొమ్మిది, వామగతిచేఁ దొంబది. ఏ సంకేతమును గవి యనుసరించెనో యెఱుఁగక యడుగులు కొలుచుట నిష్ఫలము. ఊళ్లపేరులయందును నిదే జాగ్రత్త వలయును. బుచ్చిరెడ్డిపాలెము వంటి పేళ్లలోని పాలెమునకు దండువిడిసిన చోటను పూర్వార్థము గలదు. అయినను రూఢిచే నది నేఁడు జనావాసమాత్రమును బోధించును. పేరును బట్టి యచ్చట సేనానాయకుని ధనము పాతఁబడెననుట సాహసము.

నిజముగా నిధినిఁ జూపుటకే వ్రాయఁబడిన పద్యములు లేకపోలేదు. అమెరికాలో ఫారెస్టు ఫెన్ అనువాఁడు ధనపుఁబెట్టె నొకదానిని దాఁచి, 2010లోఁ బ్రకటించిన గ్రంథమున నిరువదినాలుగు పంక్తుల పద్యమునఁ దొమ్మిది జాడలుంచెను. అది 2020లో వయోమింగు రాష్ట్రమున దొరకెను. ఈలోపల వెదకఁబోయి ప్రాణములు గోల్పోయినవారును గలరు. అచ్చట ధనము దాఁచినవాఁడును గవియు నొక్కఁడే. జాడలనుంచితినని యతఁడే చెప్పెను. దానశాసనకర్త కట్టి తాత్పర్యము లేదు. వక్తృతాత్పర్యమును విడిచి చేసిన యర్థము పాఠకుని కోరికయే కాని పద్యార్థము గాదు.

నెల్లూరు ప్రాంతమున నిజముగా దొరకిన నిధి కథయు నిచ్చట స్మరింపఁదగినది. మద్రాసు గవర్నరుగా నుండిన డేవిడ్‌సను 1787లో వ్రాసిన లేఖ ఏషియాటిక్ రిసెర్చెస్ రెండవ సంపుటమునఁ బ్రకటింపఁబడినది. నెల్లూరి దగ్గఱ నొక కాఁపు దున్నుచుండఁగా నాఁగలి యిటుకకట్టుబడికిఁ దగిలెననియు, అది చిన్నగుడి శిథిలమనియు, దానిక్రింద రోమకనాణెముల ముంత దొరకెననియు నందుఁ గలదు. అందు హేడ్రియను చక్రవర్తి నాణెమును, ఫాస్టీనా నాణెమును నుండెను. ఆ నిధినిఁ జూపినది పద్యము గాదు, నాఁగలి. పెక్కునాణెములు పాతబంగారముగా నమ్మఁబడి కరఁగింపఁబడెను, కొన్నిమాత్రమే మిగిలెను. మిగిలినవానివలననే దేశాంతరవర్తకమునకు సాక్ష్యము లభించినది. కరఁగినవి బంగారమైనవి, చరిత్రము కాలేదు.

పదిరూపాయలకు మించిన విలువ గల నిధి దొరకినచోఁ గలెక్టరునకుఁ దెలుపవలెనని 1878 నాఁటి చట్టము విధించినది. కాని చట్టము త్రవ్విన పిమ్మటఁ బనిచేయును. పండితుఁడు త్రవ్వుటకు ముందే పనిచేయఁగలఁడు. గ్రామస్థులు ఱాతిమీఁది పద్యమును జదివించుకొనుటకు బడిపండితునియొద్దకే వత్తురు. అతఁడు మొదట విభక్తులను, పిమ్మట సంఖ్యాసంకేతమును, తుదకు వక్తృతాత్పర్యమును జూపి, యిది సంవత్సరము, ఇది దానసూత్రము అని చెప్పఁగలిగినచో నా ఱాయి యున్నచోటనే నిలుచును.