చట్టం, న్యాయం, హక్కు: పై తరగతులకు ఒక కేసుతో పాఠం

మిషిగన్‌లో హైస్కూలు పూర్తి చేయాలంటే సివిక్స్ చదవడం తప్పనిసరి. అందుకని మన పై తరగతుల పిల్లలకు కాన్‌స్టిట్యూషన్, రైట్స్, జ్యూరీ లాంటి మాటలు ఇంగ్లీషులో బాగానే తెలుసు. అదే విషయం తాతయ్యతోనో అమ్మమ్మతోనో మాట్లాడాల్సి వస్తే మాత్రం మాట దొరకదు, అన్నిటికీ "రూల్" అనేస్తారు. చట్టం, న్యాయం, హక్కు మూడూ ఒకే మాటలో కలిసిపోతే వాటి మధ్య తేడా కూడా పోతుంది. ఆ తేడా చూపించడానికి ఒక నిజమైన కేసు బాగా పనికొస్తుంది.

ముందు అర్థాలు చెప్పండి. చట్టం అంటే చట్టసభ చేసిన, అందరూ పాటించాల్సిన నియమం. న్యాయం అంటే ఎవరికి దక్కాల్సింది వాళ్ళకి దక్కడం. చట్టం న్యాయంగా ఉండాలని కోరుకుంటాం, కానీ ప్రతిసారీ అలా ఉండకపోవచ్చు. హక్కు అంటే ఎవరినీ బతిమాలకుండా మనం అడగగలిగింది, ప్రభుత్వం కూడా ఊరికే లాక్కోలేనిది. వీటన్నిటికీ పైన రాజ్యాంగం ఉంటుంది. దానికి విరుద్ధమైన చట్టాన్ని కోర్టు కొట్టేయగలదు. ఈ పద్ధతి భారతదేశంలోనూ ఉంది, అమెరికాలోనూ ఉంది.

ఇక కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద 1941లో బందిపోటు దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరున హిస్టరీ షీటు తెరిచారు. ఇంటి దగ్గర మాటు వేశారు, రాకపోకల మీద నిఘా పెట్టారు, రాత్రిళ్ళు వచ్చి తలుపు కొట్టారు. ఇక్కడ ఆగి పిల్లలకు రెండు మాటలు నేర్పండి. ముద్దాయి అంటే నేరం మోపబడిన మనిషి, దోషి అంటే నేరం రుజువైన మనిషి. ఈయన దోషి కాదు.

ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదని ఆరుగురూ ఒప్పుకున్నారు. మిగతా నిఘా విషయంలో మాత్రం నలుగురు, గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు.

ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. రాజ్యాంగంలో ఆ మాట లేకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత ఒక భాగమేననీ, పోలీసుల చూపు కింద తిరగడం స్వేచ్ఛగా తిరగడం కాదనీ ఆయన రాశారు. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు. ఇలా ఎక్కువమందితో విభేదించి రాసినదాన్ని భిన్నాభిప్రాయ తీర్పు అంటారు. అది అమలు కాదు, కానీ రికార్డులో ఉండిపోతుంది.

2017 ఆగస్టు 24న, రిటైర్డ్ న్యాయమూర్తి పుట్టస్వామి గారు ఆధార్ మీద వేసిన కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. 1962 నాటి తీర్పులో కాదన్న భాగాన్ని కొట్టేశారు. సుబ్బారావు గారు అది చూడలేదు, 1976లోనే కన్నుమూశారు.

ఇలాంటిదే మన మిషిగన్‌లోనూ ఉందని చెబితే పిల్లలు ఆసక్తిగా వింటారు. 1881లో డిమే వర్సెస్ రాబర్ట్స్ అనే కేసులో, ప్రసవ సమయంలో డాక్టరు తన వెంట వైద్యం తెలియని మనిషిని గదిలోకి తెచ్చాడు. సంగతి తర్వాత తెలిసి ఆ తల్లి దావా వేసింది. ఆ సమయంలో ఆమె గదిలో గోప్యత ఆమె హక్కని రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. పాత తీర్పుల ఆధారంగా కొత్త తీర్పులు చెప్పే ఈ పద్ధతిని కామన్ లా అంటారు. రెండు దేశాలకూ ఇది ఇంగ్లండు నుంచే వచ్చింది.

క్లాసులో ఇరవై నిమిషాలు ఇలా చేయించండి. "ఒకరి కాలిక్యులేటర్ పోయింది. టీచరు అందరి బ్యాగులూ వెతకొచ్చా?" ఒక జట్టు వాది, ఒక జట్టు ప్రతివాది, మూడో జట్టు న్యాయమూర్తులు. తీర్పుకు కారణం తెలుగులో రెండు వాక్యాలైనా చెప్పాలి. ఒప్పుకోని పిల్లల చేత భిన్నాభిప్రాయం కూడా చెప్పించండి, ఓడిపోయారని నవ్వనివ్వకండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పాఠం అయ్యాక "నా ఫోను మీరెందుకు చూస్తారు?" అని పిల్లలు అడుగుతారు. రాజ్యాంగంలోని హక్కులు ముఖ్యంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి, ఇంటి నియమాలు వేరు అని చెప్పొచ్చు. కానీ "నేను చెప్పాను కాబట్టి" అని ఆపేయకండి. ఎప్పుడు చూస్తారో, ఎందుకు చూస్తారో, ఏ వయసు వచ్చాక మానేస్తారో తెలుగులోనే చెప్పండి. వాళ్ళ వాదన కూడా తెలుగులోనే పూర్తిగా వినండి.