కంచెయే చేను మేసినచో

కన్నులు పచ్చబడిన రోగిని వైద్యునికంటె ముందుగా పసరు వేయువారికడకు గొనిపోవు నలవాటు మన పల్లెలలో నేటికిని పోలేదు. కలుషిత జలముచే వచ్చు కామెర్లు బహుధా తమంతనే తగ్గును. కీర్తి పసరునకు దక్కును. మేము పసరు వేయువారిని నిందింపబూనలేదు. కాని పిత్తనాళమున కాన్సరు పుట్టుటచే వచ్చు కామెర్లు అట్లు తగ్గునవి కావు. ఒడలు దురదపెట్టును, మలము సుద్దవలె తెల్లబారును, మూత్రము ముదురు రంగున నుండును. కాలేయమునుండి ప్రేగునకు పిత్తమును గొనిపోవు నాళము మూసికొనిపోయినదనుటకు ఇవి గుర్తులు. కాలువ పూడినచో నీరు వెనుకకు తన్నుట అల్లూరి రైతులకు మేము చెప్పనక్కరలేదు.

ఈ కాన్సరు పెరుగుటలో ఒక వింత గలదు. 1882లో మెస్సీనా నగరమున మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు నక్షత్రచేప పిల్లకు ముల్లు గ్రుచ్చి చూడగా, సంచారకణములు ముల్లును చుట్టుముట్టెను. అట్టి భక్షకకణములే మన దేహమునకును కావలివారు. గాయమైనచోట ఇవి క్రిములను మ్రింగుటయే గాక, క్రొత్త కణములను, రక్తనాళములను పుట్టించి గాయమును మాన్పును. రాళ్లచేతనో, పరాన్నజీవులచేతనో పిత్తనాళమున ఏండ్లకొలది వాపు నిలిచినపుడు ఈ మాన్పుపనికి విరామముండదు. అచ్చట తలయెత్తిన కాన్సరు ఆ కావలివారినే తనవైపు త్రిప్పుకొనును. అవి దానికి పెరుగుమని సంకేతములిచ్చును. రక్తపు త్రోవలు తీయును. కాన్సరును చంపవలసిన టి-కణములను నిద్రపుచ్చును.

ఈశాన్య థాయిలాండున పచ్చిచేపలను తినుటచే కాలేయమున చేరు పురుగు ఈ వ్యాధికి ముఖ్యకారణము. అల్లూరివారు చేపను పులుసున మరగనిచ్చియే తిందురు గనుక ఆ భయము మనకు లేదు; రాళ్ల భయము, కాలేయవ్యాధుల భయము మాత్రము కలవు.

కాన్సరు కణమును నేరుగా దెబ్బతీయు మందుల తొలిచరిత్రలో భీమవరమున జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరుండుట ఆంధ్రులకు గర్వకారణము. నేటి క్రొత్తమార్గము వేరు: టి-కణములకు పడిన కళ్లెమును విప్పుట. పాతమందులకు డుర్వలుమాబ్ చేర్చి 685 మందిపై జరిపిన పరీక్ష ఫలితములు 2022లో వెలువడెను. రెండేండ్లు బ్రతికినవారు పాతమందులతో నూటికి సుమారు 10 మంది కాగా, క్రొత్తదానితో సుమారు 25 మంది. మేలే గాని, మందు సామాన్యునకు అందు వెల కాదు. భక్షకకణములను మరల మనవైపు త్రిప్పు మందులు ఇంకను పరిశోధనలోనే యున్నవి.

వ్యాపింపకమునుపే శస్త్రచికిత్సతో గడ్డను తీసివేయుటయే నేటికిని ప్రధానమైన ఆశ. రక్తపరీక్షయు, పొట్టకు అల్ట్రాసౌండు పరీక్షయు నెల్లూరులోనే జరుగును. పసరుతో వేచియుండు రెండు మూడు వారములలో ఈ రెండును పూర్తిచేసికొనవచ్చును.