దీపాలవేళకు కరెంటు

పిల్లలూ, మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. కొత్తగూడలో సాయంకాలం ఏడు గంటలకు ఒక కుర్రవాడు ఇంట్లో మీట నొక్కాడు. దీపం వెలిగింది. ఆ దీపానికి వచ్చిన కరెంటు ఎప్పుడు తయారైంది? నిన్ననా? పొద్దుననా? మధ్యాహ్నమా?

చాలామంది, "ఎప్పుడో తయారుచేసి ఎక్కడో దాచిపెట్టి ఉంటారు," అంటారు. అది పొరపాటు. వడ్లను గాదెలో పోసినట్టు కరెంటును తీగలలో పోసి దాచలేము. మీట నొక్కిన ఆ క్షణానికే ఎక్కడో ఒక యంత్రం ఆ కాస్త కరెంటునూ తయారుచేసి పంపింది. దీపం ఆర్పగానే ఆ యంత్రం మీద అంత భారం తగ్గింది కూడాను.

కొత్తగూడ మహబూబాబాద్ జిల్లాలో అడవి అంచున ఉన్న ఊరు. అక్కడికి ఉత్తరాన భూపాలపల్లి జిల్లాలో చెల్పూరు అనే చోట కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. అందులో 2010లో 500 మెగావాట్ల యంత్రం, 2016లో 600 మెగావాట్ల యంత్రం పనిలోకి వచ్చాయి. ఒక మెగావాటు అంటే వెయ్యి కిలోవాట్లు. అయిదు గుర్రాల మోటారుకు నాలుగు కిలోవాట్లకు కొంచెం తక్కువ కావాలి. కనుక ఒక్క మెగావాటుతో సుమారు 270 మోటార్లు నడుస్తాయి.

అయితే కొత్తగూడ దీపానికి వచ్చిన కరెంటు చెల్పూరుదే అని చెప్పడానికి వీల్లేదు. దేశంలోని విద్యుత్కేంద్రాలన్నిటినీ తీగలతో కలిపారు. ఈ పెద్ద వలను గ్రిడ్ అంటారు. కేంద్రాలన్నీ అందులో కరెంటు పోస్తాయి. ఊళ్లన్నీ అందులోనుంచి తోడుకుంటాయి.

ఈ గ్రిడ్‌కు ఒక నాడి ఉన్నది. మన దేశంలో దాని వేగం సెకనుకు 50 సార్లు. దీన్ని 49.90కి తగ్గకుండా, 50.05కి మించకుండా ఉంచాలని నియమం. ఎందుకో తెలుసా? ఎడ్లబండి చదునైన బాటమీద పోతున్నది అనుకోండి. హఠాత్తుగా ఎగువ వచ్చింది. ఎడ్లు అంతే బలంతో లాగితే బండి నెమ్మదిస్తుంది. ఊళ్లలో వాడకం ఒక్కసారి పెరిగినప్పుడు యంత్రాలు కూడా అలాగే నెమ్మదిస్తాయి. వెంటనే మరికొంత కరెంటు వచ్చి కలవాలి. లేకపోతే కొన్ని ఊళ్లకు సరఫరా ఆపి భారం తగ్గించాలి. రెండూ జరగకపోతే యంత్రాలు చెడిపోకుండా తమంతట తామే ఆగిపోతాయి. ఒకటి ఆగగానే దాని భారం రెండోదాని మీద పడి, అదీ ఆగుతుంది.

2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతంలో ఇటువంటి ప్రమాదమే జరిగింది. ఒక పెద్ద లైను మీద భారం ఎక్కువై అది తెగగానే తక్కినవి వరసగా పోయాయి. రెండోరోజున సుమారు 60 కోట్లమంది నివసించే ప్రాంతం చీకటిలో పడింది. రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. మన దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాటితో ఒకే తాళంలో తిరగడం లేదు గనక తప్పించుకున్నది. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపురం లైను ద్వారా మనం కూడా ఆ తాళంలో కలిశాము. ఇప్పుడు దేశమంతా ఒకే గ్రిడ్. ఇబ్బందిలో ఒకరికొకరు సాయం చేసుకోవచ్చు. ఒకరి ఇబ్బంది మరొకరికి అంటుకోకుండా జాగ్రత్త కూడా పడాలి.

మరి ఎంత కరెంటు కావాలి? రోజంతా ఒకటిగా ఉండదు. సాయంకాలం దీపాలు, ఫ్యానులు, టీవీలు, మిక్సీలు అన్నీ ఒక్కసారి మొదలవుతాయి. దీన్ని గరిష్ఠ డిమాండు వేళ అంటారు. సరిగ్గా ఆ వేళకే సూర్యుడు అస్తమిస్తాడు. ఎండతో కరెంటు చేసే పలకలు మధ్యాహ్నం బ్రహ్మాండంగా పనిచేసి, దీపాలవేళకు నిద్రపోతాయి. రామగుండంలో ఎన్.టి.పి.సి. జలాశయం మీద 100 మెగావాట్ల పలకలను తేలవేసింది. 2022 నాటికి అవన్నీ పనిలోకి వచ్చాయి. కాని రాత్రికి అవి ఏం చేయగలవు? పోనీ, బొగ్గు యంత్రాన్ని సాయంకాలానికి మాత్రం నడుపుదామా అంటే, చల్లారిన బాయిలరు కాగి ఆవిరి సిద్ధం కావడానికి గంటలు పడుతుంది. అది పొయ్యిమీద ఎసరు వంటిది, మీట వంటిది కాదు.

కరెంటు చాలనప్పుడు ఏమవుతుందో మీ తాతలను అడగండి. ఒకప్పుడు వ్యవసాయానికి వంతులవారీగా కరెంటు ఇచ్చేవారు. వంతు ఏ అర్ధరాత్రో వచ్చేది. రైతు నిద్ర లేచి, చేతిలో దీపం పట్టుకుని, చీకట్లో పొలం గట్టున నడిచి మోటారు వేయవలసి వచ్చేది. పామును తొక్కినా, తడిచేత్తో స్టార్టరు ముట్టుకున్నా ప్రాణానికే ముప్పు. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. కాబట్టి కరెంటు చాలడం, చాలకపోవడం అనేది లెక్కల పుస్తకంలో ఉండే సంగతి కాదు. ఇంటిల్లిపాదికీ సంబంధించిన సంగతి.

కరెంటును దాచలేమన్నాము. కాని దాన్ని మరొక రూపంలోకి మార్చి దాచవచ్చు. ఈ ఉపాయం కొత్తగూడ ప్రాంతపు వారికి బాగా తెలిసినదే. నర్సంపేట వైపు పోతే పాకాల చెరువు వస్తుంది. ఎనిమిది వందల ఏళ్లనాడు, కాకతీయ గణపతిదేవుని కాలంలో దాన్ని కట్టారు. వానాకాలంలో వృథాగా పోయే నీళ్లకు కట్ట వేసి, వానలు లేనప్పుడు పైరుకు ఇవ్వడమే దాని పని. వాన ఎప్పుడు కురవాలో మనం చెప్పలేము. నీళ్లు ఎప్పుడు వదలాలో చెప్పగలము. ఎండకు కూడా ఇటువంటి చెరువే ఒకటి కావాలి.

అటువంటివి ఉన్నాయి. గుట్టమీద ఒక జలాశయం, కింద ఒక జలాశయం ఉంటాయి. మధ్యాహ్నం ఎండ కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడతారు. సాయంకాలం ఆ నీళ్లను కిందికి వదిలితే అదే యంత్రం ఎదురు తిరిగి కరెంటు చేస్తుంది. వంద యూనిట్లు ఖర్చుపెట్టి తోడితే 75 నుంచి 80 యూనిట్లు తిరిగి వస్తాయి. మిగతాది కూలి అనుకోవచ్చు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలోని 8 యంత్రాలలో 7 ఇలా రెండు విధాలా పనిచేయగలవు. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో ఉన్న 150 మెగావాట్ల యంత్రాలు ఆరూ అటువంటివే. రెండో ఉపాయం బ్యాటరీ. మీ టార్చిలైటులోని బ్యాటరీ వంటిదే. కాని కొన్ని వందల పెట్టెలు వరసగా పేర్చినంత పెద్దది.

ఇవి ఎవరు కట్టాలి? ఎంత ధరకు? ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. మన ప్రాంతంలో ఎండాకాలం తునికాకుకు జరిగే పాట మీరు వినే ఉంటారు. అమ్మేది ఒకరు, కొనేవారు చాలామంది. అందువల్ల ధర పైకి పోతుంది. కరెంటు విషయంలో కొనేది ఒకరు, అమ్మేవారు చాలామంది. కనుక ధర కిందికి దిగుతుంది. దీన్ని రివర్స్ వేలం అంటారు.

ఒక పెళ్లి అనుకోండి. సరిగ్గా సాయంకాలం ఆరు గంటలకు వంద బిందెల నీళ్లు కావాలి. "ఎవరు తక్కువకు తెస్తారు?" అని పెళ్లివారు అడిగారు. ఒకడు బిందెకు 6 రూపాయలన్నాడు, కాని 75 బిందెలే తేగలడు. రెండోవాడు 7 రూపాయలన్నాడు. పెళ్లివారు మొదటివాడికి 75, రెండోవాడికి 25 ఒప్పగించారు.

2020 జనవరిలో మన దేశంలో సరిగ్గా ఇలాగే జరిగింది. కేంద్ర ప్రభుత్వపు సౌరవిద్యుత్ సంస్థ 1200 మెగావాట్లకు వేలం పెట్టింది. షరతు ఏమిటంటే, ఎండ, గాలి వంటి తరగని వనరులతోనే కరెంటు చేయాలి. అయినా గరిష్ఠ డిమాండు వేళలలో రోజుకు 6 గంటలపాటు తప్పకుండా ఇవ్వాలి. మామూలు వేళ కరెంటుకు యూనిటు 2 రూపాయల 88 పైసలని ముందే నిర్ణయించారు. పోటీ అంతా గరిష్ఠ వేళ ధర మీదనే. హైదరాబాదు కేంద్రంగా ఉన్న గ్రీన్‌కో 6 రూపాయల 12 పైసలకు 900 మెగావాట్లు గెలిచింది. రెన్యూ అనే సంస్థ 6 రూపాయల 85 పైసలకు మిగిలిన 300 గెలిచింది. మొదటిది పైకి తోడే నీళ్లను నమ్ముకున్నది, రెండోది బ్యాటరీలను. చూశారా, ఒకే కరెంటు సాయంకాలానికి రెండింతలకు పైగా ప్రియమైంది! కావలసిన వేళకు అందించడమే దానికి ఆ విలువ తెచ్చింది.

ఆ గ్రీన్‌కో వారే నంద్యాల జిల్లా పిన్నాపురం వద్ద గుట్టల మధ్య రెండు జలాశయాలు కట్టారు. 2022 మే నెలలో దానికి శంకుస్థాపన జరిగింది. దాని మొత్తం శక్తి 1680 మెగావాట్లు. అది నది మీద కట్టినది కాదు. గోరుకల్లు జలాశయంనుంచి తెచ్చిన నీళ్లనే పైకీ కిందికీ తిప్పుతూ వాడుకుంటుంది. ఆవిరైపోయిన మేరకు మళ్లీ నింపుకుంటుంది.

పోటీవల్ల బ్యాటరీలకు ఏమైందో చూడండి. 2022 ఆగస్టులో జరిగిన వేలంలో ఒక మెగావాటు బ్యాటరీకి నెలకు అద్దె 10 లక్షల 84 వేల రూపాయలు పలికింది. 2024 ముగిసేనాటికి కొన్ని వేలాలలో అది రెండున్నర లక్షలకు లోపలికి దిగింది. ప్రపంచమంతటా బ్యాటరీల ధర పడిపోవడం, ప్రభుత్వం కొంత సొమ్ము సాయం చేయడం కూడా ఇందుకు కారణాలే.

అయితే తక్కువ ధర చెప్పినవాడే ఎప్పుడూ మంచివాడా? మన పెళ్లికే తిరిగి వద్దాం. మూడోవాడు ఒకడు వచ్చి, "బిందె 3 రూపాయలకే తెస్తాను," అన్నాడు. పెళ్లివారు సంతోషించి అతనికే ఒప్పగించారు. ఆరు గంటలైంది. అతను రాలేదు. అతనికి కావడే లేదట! మిగిలిన ఇద్దరూ అప్పటికే వేరే ఊరి పనికి వెళ్లిపోయారు. మిగిలిన డబ్బు దాహం తీరుస్తుందా?

అందుచేత వేలంలో పాడేవారు ముందు ధరావతు కట్టాలి. గడువులోగా కట్టకపోతే, చెప్పినంత కరెంటు ఇవ్వకపోతే జరిమానా ఉంటుంది. 2003 నాటి విద్యుత్ చట్టం 63వ సెక్షను ప్రకారం, వేలం నియమాల ప్రకారం అందరి ఎదుటా జరిగితేనే ఆ ధరను విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదిస్తుంది. ఎందుకంటే ఆ ధర చివరకు చేరేది మీ ఇంటి బిల్లుకే. ధర ఎక్కువైతే బిల్లు బరువు; ధర మరీ తక్కువై కేంద్రం కట్టకపోతే చీకటి. ఈ రెండింటి మధ్య సరైన బాట వెతకడమే పెద్దల పని.

మీరు కూడా ఒక పని చేయవచ్చు. సెలవురోజున మీ ఇంటి మీటరు అంకెలను మధ్యాహ్నం 12కు, 1కి, మళ్లీ సాయంకాలం 7కు, 8కి రాసుకోండి. మీటరును ముట్టుకోకండి, చూసి రాస్తే చాలు. ఏ గంటలో ఎక్కువ ఖర్చయిందో తీసివేత చేసి చూడండి. నీళ్ల మోటారు, ఇస్త్రీపెట్టె వంటివి పగలే వాడితే సాయంకాలం ఎంత తగ్గుతుందో అమ్మనాన్నలతో కలిసి లెక్క కట్టండి. ఆ తగ్గిన మేరకు ఎక్కడో ఒక గుట్టమీద కాసిని నీళ్లు మిగులుతాయి. అవి మరొక ఇంట్లో, మరొక కుర్రవాడు చదువుకునే దీపానికి పనికివస్తాయి.